ఆసు కొయ్యల దగ్గర పుట్టిన ప్రశ్న

డిజైన్ థింకింగ్ చరిత్రను చెప్పేవాళ్లు దాదాపుగా అమెరికా నుంచే మొదలుపెడతారు. 1969లో హెర్బర్ట్ సైమన్ రాసిన పుస్తకం, 1987లో పీటర్ రో ఈ పేరుతోనే వేసిన పుస్తకం, 1991లో ఏర్పడ్డ ఐడియో సంస్థ, 2005 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన డి.స్కూల్, 2008లో హార్వర్డ్ పత్రికలో టిమ్ బ్రౌన్ వ్యాసం: వరస ఇలా సాగుతుంది. ఈ పద్ధతి చెప్పేది ఇదీ: వాడేవాళ్ల కష్టాన్ని దగ్గరుండి చూడాలి, అసలు సమస్య ఏదో తేల్చుకోవాలి, ఉపాయాలు వెతకాలి, నమూనా చెయ్యాలి, దాన్ని వాడి చూడాలి. ఈ అయిదు మెట్లనూ ఇప్పుడు మన ఎంబీఏ, ఇంజనీరింగ్ తరగతుల్లోనూ చెబుతున్నారు. వీటిలో మొదటి మెట్టే అన్నిటికన్నా కష్టమనీ, ఎవరి కష్టం కంటికి కనబడుతుందన్నది ఆ సమాజం దేన్ని లెక్కగడుతుందన్న దాన్నిబట్టే ఉంటుందనీ నా వాదన. తెలంగాణ చిటికి (ఇక్కత్) నేతలో దారం పోసే ఆసు కథ దీనికి మంచి సాక్ష్యం.

పోచంపల్లి, పుట్టపాక చిటికి చీరల మీది బొమ్మ మగ్గం మీద పుట్టదు. నెయ్యకముందే దారాన్ని లెక్క ప్రకారం అక్కడక్కడా బిగించి కట్టి, రంగులో ముంచితే, కట్టిన చోట రంగు అంటదు. అలా కట్టడానికి వీలుగా పేక దారాన్ని ముందు ఆసు మీద పోయాలి. ఒక కొసన ఒంటి కొయ్య, దానికెదురుగా నెలవంక ఆకారంలో వరుస కొయ్యలు. దారాన్ని ఒంటి కొయ్య నుంచి వరుసలోని కొయ్యకు, మళ్లీ వెనక్కు, లెక్క తప్పకుండా తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఇటూ అటూ ఆడుతుంది. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. ఎక్కువ ఇళ్లలో ఇది ఆడవాళ్ల పని. భుజాలు పట్టేస్తాయి, మోచేతులు గుంజుతాయి, సన్నని దారం మీద నిలిపి నిలిపి కళ్లు అలిసిపోతాయి.

ఇంత బాధ తరాల తరబడి కళ్లెదుటే ఉన్నా దాన్ని తీర్చే పని ఎందుకు జరగలేదు? చేనేతలో కొత్త పనిముట్లు రాకపోలేదు. జాన్ కే 1733లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ఫ్లై షటిల్‌ను, 20వ శతాబ్దం తొలినాళ్లలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ వంటి అధికారులు మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టుబట్టి ప్రచారం చేశారు. తర్వాత జకార్డ్ వచ్చింది, డాబీ వచ్చింది. ఇవన్నీ మగ్గాన్ని బాగుచేసినవే. కూలి లెక్క నేసిన బట్ట మీద కడతారు కాబట్టి కూలి ఇచ్చేవాడి చూపూ, పథకం రాసేవాడి చూపూ మగ్గం దగ్గరే ఆగాయి. కండెలు చుట్టడం, ఆసు పోయడం ఇంటిపనిలో కలిసిపోయాయి. రేటు లేని పనికి ఖాతా ఉండదు, ఖాతా లేని పనిలోని నొప్పి ఏ నివేదికకూ ఎక్కదు.

ఆ ప్రశ్నను ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అడిగారు. ఆరో తరగతితో బడి మానేసి నేతలో దిగిన మనిషి ఆయన. తల్లి లక్ష్మి భుజాల నొప్పితో ఆసు పోయడం రోజూ చూశారు. 1992లో మొదలుపెట్టిన యంత్రం 1999కి గానీ పూర్తి కాలేదు. మనిషి చేతి కదలికను విడివిడి ముక్కలుగా చూసి, ఒక్కో కదలికకు ఒక్కో ఏర్పాటు కుదురుస్తూ వెళ్లారు. డబ్బు చాలక మధ్యలో హైదరాబాద్ వెళ్లి కూలికి పనిచేశారు. చివరికి చీర ఆసు దాదాపు గంటన్నరలో పూర్తయ్యే స్థితికి వచ్చింది. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇది ఒక మనిషి మొండిపట్టు కథ, ఇందులో పద్ధతేముంది అని అడగవచ్చు. ఏడేళ్లలో చేసిన పని వరస చూస్తే పద్ధతి కనబడుతుంది: చెయ్యడం, తప్పడం, తప్పిన చోటు పట్టుకుని ఆ ముక్కనే మళ్లీ చెయ్యడం. స్టాన్‌ఫర్డ్ వాళ్లు దీనికి పేర్లు పెట్టి, మరొకరికి నేర్పగల రూపం ఇచ్చారు. అది చిన్న మేలు కాదు, పేరు లేని పనిని పాఠంగా చెప్పడం కష్టం. అయితే రెండు రోజుల వర్క్‌షాపులో గోడ మీద రంగు కాగితాలు అంటించి మొదటి మెట్టు దాటేశామనుకునే విద్యార్థికి, అమ్మ పక్కన ఏళ్లపాటు కూర్చున్న కొడుకు చూపు రాదు. కాలేజీలు చిటికి ఊళ్లకు, వంటశాలలకు, సంత కూడళ్లకు పిల్లల్ని నెలల తరబడి పంపాలని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

యంత్రం వస్తే ఆడవాళ్ల పని పోదా అన్నది మరింత బరువైన అభ్యంతరం. ఇతరులకు కూలికి ఆసు పోసి బతికే మనిషికి ఆ నష్టం నిజమైనదే, దాన్ని తేలిగ్గా కొట్టెయ్యకూడదు. కానీ సొంత మగ్గం కోసం పోసే ఇళ్లలో అది విడిగా కూలి లేని పని, అక్కడ పోయింది నొప్పే. పట్టు ధరనూ, చీర ధరనూ నిర్ణయించే షావుకారు చేతి బలం మాత్రం యంత్రం వల్ల తగ్గలేదు. ఆసు తర్వాతి మెట్టు, దారాన్ని రబ్బరు ముక్కలతో ముడి ముడిగా బిగించే పని, ఇప్పటికీ ఎక్కువగా చేతుల మీదే సాగుతోంది.