ఛింద్వాడా అడవిలో సైనికుల బడి



ఆదిలాబాద్ నుంచి ఉత్తరంగా పోయి నాగపూర్ దాటితే ఛింద్వాడా. ఛింద్ అంటే ఈత చెట్టు. ఆ జిల్లాలోని దేవ్‌గఢ్ మన గోండు రాజుల కోట. నాగపూర్‌కు పునాది వేసిన బఖ్త్ బులంద్ షా ఆ వంశం వాడేనని మన సభల్లో తరచూ చెప్పుకుంటాం. 1943లో అదే నేల మీద సైన్యం అడవి యుద్ధం నేర్పే శిబిరం పెట్టిన సంగతి మాత్రం ఎక్కడా వినపడదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 చివర, 14వ భారత డివిజన్ బర్మాలోని అరకాన్ మీదికి కదిలింది. డోన్‌బైక్ దగ్గర జపాన్ బంకర్ల మీద మళ్లీ మళ్లీ దాడి చేసి దెబ్బతిన్నది. దారే లేదనుకున్న కొండలు దాటి జపాన్ సేన పక్క నుంచి వచ్చిపడింది. మలేరియా సరేసరి. సిపాయిలకు ధైర్యం లేక కాదు, అరకొర శిక్షణతో వాళ్లను అడవిలోకి తోశారు. 1943 జూన్‌లో పదాతి దళాలపై వేసిన కమిటీ చర్చించింది ఈ లోపం గురించే. తర్వాత 14వ డివిజన్‌ను శిక్షణ డివిజన్‌గా మార్చి ఛింద్వాడాలో ఉంచారు. కొత్త సిపాయిలు రెజిమెంట్ కేంద్రంలో తొలి శిక్షణ ముగించాక ఇక్కడ రెండు నెలలు అడవి పాఠం నేర్చుకోవాలి. బర్మా వైపు పంపేది ఆ తర్వాతే.

దారి లేనిచోట దారి పట్టడం, రాత్రిపూట చప్పుడు కాకుండా నడవడం, వీపున మోసిన దానితోనే బతకడం, దోమల నుంచి కాచుకోవడం. అన్నిటికన్నా ముందు, అడవంటే భయం పోవాలి. ఆ సెప్టెంబరులో సైన్యం అచ్చువేసిన శిక్షణ పుస్తకం పేరు 'ది జంగిల్ బుక్'. కిప్లింగ్ కథల పేరే! ఆ కథలు నడిచే సియోనీ అడవులు ఛింద్వాడా పక్కనే.

ఆ సియోనీలోనే తురియా ఉంది. 1930 అక్టోబరు 9న సర్కారు అడవిలో గడ్డి కోసి సత్యాగ్రహం చేసిన ఆదివాసుల మీద అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ఆడవాళ్లు, ఒక మగవాడు చనిపోయారు. ఇటు నిజాం రాజ్యంలో అడవి కోసమే కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. గడ్డి పరక కోస్తే నేరమన్న తెల్లదొరల సర్కారే, 13 ఏళ్లకు తన సిపాయిలకు అడవిని నేస్తంగా చూడమని పాఠం చెప్పింది. అడవిని పుట్టుకతో నేర్చినవాళ్లకు మాత్రం ఫారెస్టు కేసులు తప్పలేదు.

ఆ రోజుల్లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దాటాయి. ఛింద్వాడా, సియోనీ వైపు చుట్టరికాలున్న కుటుంబాలను మేము కోరేది ఒకటే. ఈసారి అటు పోయినప్పుడు పెద్దలను పటాలాల సంగతి అడగండి. వాళ్లు చెప్పింది గోండీలోనే రికార్డు చేసి సంఘానికి పంపండి.