టిల్ట్ అడాప్టర్

మీడియం ఫార్మాట్ లెన్సును డిజిటల్ కెమెరాకు బిగిస్తూనే, దాన్ని కొన్ని డిగ్రీలు వంచే వీలు కల్పించే లోహపు జోడింపు. 6×6 సెం.మీ. ఫిల్ము కోసం చేసిన లెన్సు దాదాపు 80 మి.మీ. వ్యాసం గల బింబవృత్తాన్ని పరుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు కర్ణం 43 మి.మీ. మాత్రమే కనుక వంచినా మూలలు నల్లబడవు. పెంటకాన్ సిక్స్ అనే 6×6 కెమెరా లెన్సు సెన్సరుకు 74 మి.మీ. దూరాన ఉండాలి, అందులో కెనాన్ కెమెరా ఈఎఫ్ మౌంటు 44 మి.మీ. తీసుకుంటుంది. మిగిలిన 30 మి.మీ.లో వంపు యంత్రాంగం ఇముడుతుంది.

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం తీరంలో 80 మి.మీ. లెన్సును నేలకు 1.5 మీటర్ల ఎత్తున నిలిపి, 3 డిగ్రీలు ముందుకు వంచితే ఫోకస్ తలం ఇసుక మీదుగా పరుచుకుంటుంది. దగ్గరి ఇసుక మెరకల నుంచి దిగంతం దాకా అన్నీ ఒకేసారి స్పష్టమవుతాయి. దగ్గరి సరుగుడు చెట్ల కొసలు మాత్రం మసకబారతాయి. విశాల దృశ్యాలకు ఈ పద్ధతి అంతగా పనికిరాదు: 6×6లో వైడ్ అయిన 50 మి.మీ. లెన్సు ఫుల్‌ఫ్రేమ్‌పై మామూలు లెన్సే.