వంటింటి బల్ల మీదికొచ్చిన లెక్కల పుస్తకం

టెక్సస్‌లో ఉండే మా మరదలు నాలుగేళ్ల కిందట ఓ రాత్రి ఫోన్ చేసింది. "వదినా, చిన్నోడికి బడి వద్దనుకున్నాం, ఇంట్లోనే చెబుతాను. లెక్కలకి మా చర్చిలో నాలుగు పుస్తకాలు చెప్పారు. అన్నీ క్రైస్తవ పుస్తకాలేనట. ఏది కొనమంటారు?" ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, అయినా జవాబు దొరకలేదు. కూడికలో క్రైస్తవం ఎక్కడుంటుంది? రెండ్రోజులు ఆగమన్నాను. ఆ పుస్తకాలు ఎలా పుట్టాయో చదువుకుంటూ పోతే రెండ్రోజులు కాస్తా రెండు నెలలయ్యాయి.

ఈ కథకి మొదలు చర్చిలో లేదు, ఆకాశంలో ఉంది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని పైకి పంపింది. మన పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారని అమెరికా ఉలిక్కిపడింది. మరుసటి ఏడే ఎడ్వర్డ్ బెగిల్ అనే గణితవేత్త నాయకుడిగా ఓ బృందం కొత్త పాఠాలు రాయడానికి కూర్చుంది. దాన్నే 'న్యూ మ్యాథ్' అన్నారు. పసిపిల్లలకి సమితులు చెప్పారు. పదుల లెక్కే కాదు, అయిదుల్లోనూ రెండుల్లోనూ అంకెలు రాయించారు. రాత్రి బిడ్డ పుస్తకం తెస్తే తల్లికీ తండ్రికీ అర్థం కాలేదు. తాము నేర్చుకున్న లెక్క తమ ఇంట్లోనే పరాయిదైపోయింది.

ఆ రోజుల్లోనే, 1962, 63ల్లో, ప్రభుత్వ బడులు జరిపించే ప్రార్థన, బైబిల్ పఠనం చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. భక్తిగల కుటుంబాలకి రెండు దెబ్బలూ ఒకేసారి తగిలాయి. సొంత క్రైస్తవ బడులు లేచాయి. నల్లవాళ్ల పిల్లల పక్కన తమ పిల్లల్ని కూర్చోబెట్టడం ఇష్టంలేక దక్షిణాదిన తెల్లవాళ్లు పెట్టుకున్నవీ వాటిలో ఉన్నాయి. ఆ మాట దాచిపెట్టి ఈ కథ చెప్పకూడదు.

ఫ్లోరిడాలోని పెన్సకోలాలో ఆర్లిన్ హోర్టన్, బెకా హోర్టన్ దంపతులు 1954లో ఓ బడి పెట్టారు. నచ్చిన పుస్తకాలు దొరక్క 1972లో తామే అచ్చువేయడం మొదలుపెట్టారు. ఆమె పేరు మీదే వాటికి 'ఎ బెకా' అని పేరు పెట్టారు. లెక్కల నియమాలు దేవుడు చేసినవి, మారవు; న్యూ మ్యాథ్ వాటిని మనిషి కల్పనగా చూస్తోంది అన్నది వాళ్ల వాదన. అందుకే ఎక్కాలు కంఠతా రావాలి, గడియారం పెట్టి కూడికలు చేయించాలి, పేజీ నిండా లెక్కలుండాలి. నాకు ముడి ఇక్కడ వీడింది. మా మరదలు విన్న 'క్రైస్తవ లెక్కలు' సగానికి సగం పాతకాలపు అభ్యాసమే.

అభ్యాసం నాకూ ఇష్టమే. మా నాన్న నాతో ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పించుకున్నారు. కానీ సమితులు భక్తికి విరోధం అంటే మాత్రం ఒప్పుకోలేను. సమితుల సిద్ధాంతానికి పునాది వేసిన జార్జ్ కాంటర్ గాఢమైన దైవభక్తుడు. అనంతాన్ని గురించిన తన ఆలోచన దేవుడిచ్చిందేనని నమ్మాడు.

1980లలో వేలాది కుటుంబాలు పిల్లల్ని ఇంట్లోనే చదివించడానికి పూనుకున్నాయి. టెక్సస్‌లో అయితే కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1987లో తల్లిదండ్రుల వైపు తీర్పొచ్చింది, 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. బడి నుంచి పిల్లలతోపాటు బడి పుస్తకాలూ ఇంటికొచ్చాయి. చిక్కు అక్కడే వచ్చింది. గదినిండా ఉన్న పిల్లల్ని పనిలో పెట్టడానికి తయారైన పేజీ అది. ఎదురుగా ఒక్క బిడ్డే ఉన్నప్పుడు, వాడికి వచ్చిందో లేదో తల్లికి మూడో లెక్క దగ్గరే తెలిసిపోతుంది. అయినా పేజీ పూర్తి చేయించాలనే భయం, కన్నీళ్లు.

ఆ భయం పోగొట్టడానికి పూనుకున్నవాళ్లలో రూత్ బీచిక్ ఒకరు. ఆమె మూడో తరగతి దాకా పిల్లల తల్లుల కోసం చిన్న పుస్తకం రాసింది. మొదట వస్తువు చేతికివ్వాలి, తర్వాత అది కళ్లు మూసుకున్నా మనసులో కనబడాలి, అంకె ఆ తర్వాతే అంది. ఆ కాలంలోనే జోసెఫ్ రే పాత అంకగణితాలు మళ్లీ అచ్చయ్యాయి. సిన్సినాటిలో పంతులుగా ఉన్న రే 1834లో మొదలుపెట్టిన వరస అది. నోటితో అడిగి నోటితో చెప్పించుకునే లెక్కలు: ఆపిల్ పళ్లు, సెంట్లు, గోళీలు. భక్తులు ఏరికోరి తెచ్చుకున్న ఆ పుస్తకంలో దేవుడి మాట దాదాపు కనబడదు. వాళ్లకి అది లోటనిపించలేదు.

మా మరదలికి రెండూ కొనమన్నాను, రేది పలచటిదీ, ఓ వర్క్‌బుక్కూ. వర్క్‌బుక్‌లో వరస విడిచి వరస చేయించమన్నాను. తర్వాతి ఆదివారం వీడియోలో చూపించింది. బల్ల మీద రాజ్మా గింజలు, ఓవైపు ఎనిమిది, ఓవైపు అయిదు. చిన్నోడు అయిదులోంచి రెండు తీసి ఎనిమిది పక్కకి నెట్టాడు. పదింటినీ దోసిట్లోకి తీసుకుని సీసా మూతలో పోశాడు. బల్ల మీద మిగిలిన మూడింటినీ వేలితో తాకి, "అత్తా, పదమూడు" అన్నాడు. "మరి ఎనిమిదీ ఆరూ?" అన్నాను. ఈసారి గింజలు ముట్టుకోలేదు. కళ్లు మూసుకున్నాడు.