చందాలు కట్టిన బడులు: నారాయణగూడ దాతృత్వం

నిజాం రాజ్యంలో దానమంటే చాలాకాలం గుడికో మసీదుకో మాన్యం రాసివ్వడం, బాటసారులకు సత్రం కట్టించడం. ఇచ్చేది ఒకరు, పేరూ ఆ ఒక్కరిదే. నలుగురు కూడి చందా వేసుకుని, కార్యవర్గాన్ని ఎన్నుకుని, ఏటా లెక్క చెప్పే పద్ధతి హైదరాబాదు తెలుగువారిలో 1901 సెప్టెంబరు 1న వెలిసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంతో ఊపందుకుంది. దాని వెనుక ఉన్నవారు కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు.

అదంతా చదువుకున్నవారి వ్యవహారమే అనుకోనక్కరలేదు. 1910లో భాగ్యరెడ్డివర్మ దళిత పిల్లల కోసం ఇసామియా బజారులోనూ, నారాయణగూడకు చేరువలోని లింగంపల్లిలోనూ బడులు తెరిచాడు. జాగీర్ల అండ లేకుండా మొదలైన పని కాబట్టి దాన్ని ముందు చెప్పుకోవాలి. 1918లో, ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన ఏడాదే, రెడ్డి హాస్టల్ పుట్టింది. తర్వాత నగర కొత్వాలు అయిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి దానికి పెద్దదిక్కు. కులానికొక హాస్టలు పెట్టుకునే ఆనవాయితీకి అది దారి తీసింది. ఊరి నుంచి వచ్చిన కుర్రాడికి నీడ దొరికింది, కులం గీతా గట్టిపడింది. రెండూ నిజమే.

నారాయణగూడకు పేరు తెచ్చింది ఆడపిల్లల బడి. దాని కథ ఒక అవమానం నుంచి మొదలవుతుంది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని పాఠశాల ఆవరణలో సంఘ సంస్కార మహాసభ జరిగింది. పుణే నుంచి వచ్చిన మహర్షి కర్వే అధ్యక్షుడు. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి కూర్చోబెట్టారు. నొచ్చుకున్న తెలుగువారు ఆ రాత్రే ఆంధ్ర జనసంఘాన్ని పెట్టుకున్నారు. అందులో ముఖ్యుడైన వకీలు మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాలను నిలబెట్టాడు. బోధన తెలుగులో. ఉర్దూదే రాజ్యమైన చోట ఆ చదువుకు పరీక్ష పెట్టేదెవరు? బడిని కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. తెలుగుకు చోటు దొరకని సభకు అధ్యక్షత వహించిన మనిషి సంస్థే తెలుగు బడికి ఆసరా అయిందన్నమాట. సర్కారు అనుమానం, ప్రైవేటు బడులపై ఆంక్షలు, నెలనెలా జీతాల వెతుకులాట, ఇన్నింటి మధ్య ఒక బడిని నడపడం గుడి కట్టించడం కన్నా కష్టమైన దానమే.

1940లో నారాయణగూడలోనే ఆర్యసమాజ నాయకుడు, న్యాయమూర్తి కేశవరావు కొరాట్కర్ పేరిట కేశవ్ మెమోరియల్ పాఠశాల వచ్చింది. పూనుకున్నది ఆయన కుమారుడు వినాయకరావు విద్యాలంకార్. 1954లో వెంకటరామారెడ్డి పేరుతో మహిళా కళాశాల ఏర్పడింది.

ఇలాంటి సంస్థలకు చట్టం తర్వాత చక్కటి చట్రం ఇచ్చింది. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే సంఘం నమోదవుతుంది, మిగులును సభ్యులు పంచుకోకూడదు. ఆదాయపు పన్ను చట్టంలోని 80జి దాతకు రాయితీ ఇచ్చింది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలంది. మనసుండి ఇచ్చేదానికి, చట్టం ఇప్పించేదానికి మధ్య గీత అక్కడ చెరిగింది.

నారాయణగూడ పక్కనే ఉన్న చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మాత్రం పూర్తిగా చట్టం ఇప్పించేవైపుది. అశోక్‌నగర్ గదుల్లో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదివే జిల్లాల పిల్లలకు అదే పగటి ఇల్లు. పౌర గ్రంథాలయాలకు డబ్బు ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల సెస్సు నుంచి వస్తుంది. వారిలాంటివారి ఆకలికి నగరంలో 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనం ఉంది. అన్నం, పప్పో సాంబారో, కూర, పచ్చడి. వండేది హరేకృష్ణ ధార్మిక సంస్థ, తినేవాళ్లు ఇచ్చే అయిదు రూపాయలు పోను మిగతా ఖర్చు నగరపాలక సంస్థది.