సిరల ఉబ్బు - సంతానలేమి: ఒక ప్రశ్న చరిత్ర

దంపతులకు సంతానము కలుగనిచో లోపము స్త్రీయందే కలదని తలచుట లోకములో చిరకాలముగా నున్న అలవాటు. పురుషునియందును కారణములుండవచ్చునని రుజువగుటకు చాల కాలము పట్టినది. వృషణములనుండి రక్తమును మరల గొనిపోవు సిరలు ఉబ్బి మెలికలు తిరుగుట అట్టి కారణములలో నొకటి. దీనిని వైద్యులు 'వేరికోసీల్' అందురు.

ఈ ఉబ్బును ప్రాచీనులును ఎరుగుదురు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను రచయిత సెల్సస్ తన వైద్యగ్రంథమున దీనిని వర్ణించెను. ఉబ్బిన సిరలున్న వైపు వృషణము కొంత క్రిందికి జారుననియు, పోషణ తగ్గి రెండవదానికంటె చిన్నదగుననియు వ్రాసెను. కాని దీనికిని సంతానలేమికిని గల సంబంధమును పరీక్షించు సాధనము ఆనాడు లేదు. 1677లో హాలెండు దేశీయుడు లేవెన్‌హుక్ సూక్ష్మదర్శినితో శుక్రకణములను చూచెను. వాటిని లెక్కించి పోల్చి చూచుట 20వ శతాబ్దమున గాని వైద్యులకు వాడుక కాలేదు.

ఈ ఉబ్బు ఎక్కువగా ఎడమవైపుననే కనిపించును. కుడి వృషణ సిర ఏటవాలుగా పోయి అధోమహాసిరలో కలియును. ఎడమ సిర అంతకంటె పొడవైనది; అది పైకి పోయి ఎడమ మూత్రపిండ సిరలో ఇంచుమించు లంబకోణముగా కలియును. మనుష్యుడు నిలుచున్నపుడు ఈ పొడవైన రక్తస్తంభపు బరువు క్రిందికి ఒత్తును. సిరలోని కవాటములు సరిగా మూసికొననిచో రక్తము వెనుకకు మరలి క్రింది సిరలను ఉబ్బించును.

ఇందువలన శుక్రకణములకు హాని యెట్లు కలుగును? అవి చక్కగా తయారగుటకు శరీరపు వేడికంటె 2 మొదలు 4 డిగ్రీల సెంటిగ్రేడు తక్కువ ఉష్ణోగ్రత కావలెను. వృషణములు ఉదరమునకు వెలుపల నుండుట ఇందుకు తోడ్పడును. శరీరపు వేడితోనున్న రక్తము అచట నిలిచినచో ఆ చల్లదనము పోవును. హానికి ఇది ముఖ్యకారణమని పలువురి అభిప్రాయము.

1952లో ఎడింబరో నగర వైద్యుడు టల్లక్ ఒక రోగి వృత్తాంతమును ప్రకటించెను. ఆ రోగికి రెండువైపుల ఉబ్బు కలదు. వీర్యములో శుక్రకణములే లేవు. శస్త్రచికిత్స తరువాత శుక్రకణములు కనిపించెను, భార్య గర్భవతి అయ్యెను. 1965లో న్యూయార్కులో మెక్లాయిడ్ ఇట్టివారి వీర్యమును పరిశీలించి, శుక్రకణముల సంఖ్య, చలనము తగ్గుననియు, ఆకారము చెడుననియు చూపెను. అటు పిమ్మట ఈ శస్త్రచికిత్స అనేక దేశములలో వ్యాపించినది.

కాని వీర్యము మెరుగగుట వేరు, బిడ్డ పుట్టుట వేరు. చికిత్స లేకయే కొందరికి సంతానము కలుగును. శుక్రకణముల సంఖ్యయు ఒకే మనుష్యునిలో నెలనెలకు మారును; మిక్కిలి తగ్గినపుడు పరీక్షించినచో తరువాతి పరీక్షలో తనంతట తానే పెరిగియుండవచ్చును. కావున చికిత్స పొందినవారిని పొందనివారితో పోల్చవలసి వచ్చెను.

పోల్చినపుడు సమాధానములు రెండు విధములుగా వచ్చెను. 1995లో ప్రచురితమైన ఇజ్రాయెలు పరిశీలన శస్త్రచికిత్సవలన గొప్ప మేలు కలదని చెప్పెను. 1998లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగర వైద్యులు 125 జంటల ఫలితములను ప్రకటించిరి. సిరను మూసివేసిన వర్గములో నూటికి 29 జంటలకు, సలహా మాత్రమే పొందిన వర్గములో నూటికి 25 జంటలకు గర్భము కలిగెను. ఇది చెప్పుకొనదగిన భేదము కాదు. 2003లో పరిశీలనలన్నిటిని కలిపి చూచిన సమీక్షయు మేలు కనబడలేదనెను. అయితే ఆ లెక్కలో వీర్యము బాగుగా నున్నవారిని, చేతికి తెలియనంత చిన్న ఉబ్బు గలవారిని కూడ చేర్చిరని ఆక్షేపణ వచ్చెను. చేతికి తెలియు ఉబ్బును, వీర్యలోపమును గల పురుషులనే తీసికొని 2011లో ప్రకటించిన పరిశీలనలో శస్త్రచికిత్స వర్గమున నూటికి 33, రెండవ వర్గమున నూటికి 14 జంటలకు గర్భము కలిగెను.

ప్రశ్నను సరిగా వేయనిదే సమాధానము సరిగా రాదని ఈ చరిత్ర బోధించుచున్నది. పురుషులలో నూటికి సుమారు 15 మందికి ఈ ఉబ్బు ఉండును. వారిలో పెక్కుమంది తండ్రులగుచున్నారు. అందుచే ఉబ్బు కనిపించినంతనే శస్త్రచికిత్స చేయరు. ఉబ్బు చేతికి తెలియవలెను, వీర్యపరీక్షలో లోపముండవలెను, భార్య వయస్సును ఆరోగ్యమును కూడ విచారింపవలెను. శుక్రకణము తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును గనుక, చికిత్స ఫలితమును మూడు నెలలు గడచిన పిమ్మటనే పరీక్షింతురు. సంతానములేని ఇంట స్త్రీని నిందించుటకు ముందు పురుషుని వీర్యమును పరీక్షింపవలెననుట మాత్రము నేడు వివాదము లేని సంగతి.