రాతిపై లేని ప్రశ్నార్థకం: సైనిక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ మిగిల్చినవి, మిగలనివ్వనివి

ఉత్తర ఫ్రాన్స్‌లో ఓర్స్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి శ్మశానంలో స్థానికుల సమాధులతో పాటు బ్రిటిష్ సైనికుల తెల్లరాళ్లు కొన్ని వరసగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి మాంచెస్టర్ రెజిమెంట్‌కు చెందిన లెఫ్టినెంట్ విల్‌ఫ్రెడ్ ఓవెన్‌ది. 1918 నవంబర్ 4న, మొదటి ప్రపంచ యుద్ధం సరిగ్గా వారంలో ముగుస్తుందనగా, 25 ఏళ్ల వయసులో ఆ ఊరి కాలువ గట్టున తూటా తగిలి చనిపోయాడు. రాయి అడుగున అతని ‘ది ఎండ్’ కవితలోంచే తీసిన ఒక ముక్క చెక్కి ఉంది. ఏ ముక్క వేయించాలో నిర్ణయించింది తల్లి సూసన్ ఓవెన్.

కవితలో ఆ చోట రెండు ప్రశ్నలు వెంటవెంటనే వస్తాయి. చనిపోయిన దేహాలకు మళ్లీ ప్రాణం వస్తుందా, చావన్నదే లేకుండా పోతుందా అని కవి అడుగుతాడు. తల నెరిసిన ముసలితనాన్ని అడిగితే రాదంటుంది. భూమిని అడిగితే ఆమె కూడా అదే మాట చెబుతుంది. సమాధి రాయి మీద మొదటి ప్రశ్న ప్రశ్నగానే ఉంది. రెండో ప్రశ్నను మాత్రం సగంలో తెంచేశారు, ప్రశ్నార్థకం పోయింది. దాంతో కవి అనుమానంగా అడిగిన మాట రాతి మీద తిరుగులేని నమ్మకంగా మారింది. కవిత మొత్తం కాదన్న జవాబునే ఆ రాయి ఔనని చెబుతోంది.

అప్పటి యుద్ధ సమాధుల కమిషన్ కుటుంబాలకు 66 అక్షరాల పరిమితి పెట్టింది. కాబట్టి చోటు చాలక వాక్యం తెగిందని వాదించవచ్చు. కానీ ఆ ముక్క కింద ‘డబ్ల్యూ. ఓ.’ అనే పొడి అక్షరాలకు చోటు దొరికింది. ఒక్క గుర్తుకు దొరకకపోవడం చోటు సమస్య కాదు. సూసన్ గాఢమైన భక్తురాలు. కొడుకు పునరుత్థానాన్ని నమ్మకుండా చనిపోయాడన్న సంగతిని ఆ తల్లి భరించలేకపోయిందని నేను అనుకుంటాను.

లేఖకుల చేతిలో పాఠం మారడం మనకు కొత్త కాదు. వేమన పద్యాల ప్రతులను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఆ సంగతి బాగా తెలుసు. అయితే తాళపత్రాలు నకలు చేసినవాడు కవిని ఎరగడు. ఓవెన్ పాఠాన్ని మార్చినవాళ్లు అతన్ని ఎత్తుకుని పెంచినవాళ్లు, అతనితో కలిసి పెరిగినవాళ్లు. మనకు అందిన ఓవెన్‌లో అతని చేతిరాత ఎంత, అతన్ని ప్రేమించినవాళ్ల చేతిరాత ఎంత అన్నదే ఈ వ్యాసంలో నేను పట్టుకున్న ప్రశ్న.

అతని బాల్యం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1893 మార్చి 18న ఇంగ్లండ్‌లో, వేల్స్ సరిహద్దు దగ్గరి ఆస్వెస్ట్రీలో పుట్టాడు. తండ్రిది రైల్వే ఉద్యోగం. డబ్బులేక విశ్వవిద్యాలయ చదువు సాగలేదు. కొంతకాలం డన్‌స్‌డెన్‌లో ఒక మతగురువుకు సహాయకుడిగా ఉండి, అక్కడే చర్చిపై నమ్మకం పోగొట్టుకుని బయటపడ్డాడు. తర్వాత ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికాడు. 1915 అక్టోబర్‌లో సైన్యంలో చేరాడు. 1917 జనవరిలో సోమ్ ప్రాంతంలో ముందు వరస చూశాడు.

ఆ నెలలోనే నీళ్లు నిండుతున్న ఒక నేలమాళిగలో 25 మందితో రెండు రోజులకు పైగా ఇరుక్కున్నాడు. పైన షెల్స్ పడుతూనే ఉన్నాయి. తాను కాపలా పెట్టిన సైనికుడికి కళ్లు పోయాయి. ఆ దృశ్యం ఏడాదిన్నర దాటాక ‘ది సెంట్రీ’ కవితగా బయటికి వచ్చింది. ఏప్రిల్‌లో సావీ అడవి దగ్గర షెల్ పేలుడుకు ఎగిరిపడ్డాడు. అక్కడ తన తోటి అధికారి ఛిద్రమైన శరీరం పక్కనే రోజుల తరబడి దాక్కుని ఉండాల్సి వచ్చింది. చేతులు వణకడం, మాట తడబడడం మొదలయ్యాక షెల్‌షాక్ అన్నారు. జూన్‌లో ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రికి పంపారు.

ఆ ఆసుపత్రిలోనే ఆగస్టులో, అప్పటికే పేరున్న కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ గది తలుపు తట్టాడు. చేతిలో ససూన్ పుస్తకం ప్రతులు కొన్ని ఉన్నాయి, సంతకాలు పెట్టించుకుందామని వచ్చాడు. ఆ పరిచయం ఎలా పండిందో ‘యాంథెమ్ ఫర్ డూమ్డ్ యూత్’ చిత్తుప్రతుల్లో కళ్లారా చూడవచ్చు. ఓవెన్ రాతల మధ్య ససూన్ పెన్సిల్ గీతలు ఉన్నాయి. శీర్షికలో మొదట ‘చనిపోయిన’ అన్న అర్థమిచ్చే మాట ఉండేది. దాన్ని కొట్టేసి ‘చావు రాసిపెట్టి ఉన్న’ అన్న అర్థం వచ్చే మాట పెట్టమన్నది ససూనే. ఆ ఒక్క మాటతో కవిత ముఖం తిరిగింది. పోయినవాళ్ల స్మృతిగీతం కాస్తా, రేపు పోబోయే కుర్రాళ్ల గురించి ఇవాళే ఏడ్చే గీతమైంది. ఇదీ దిద్దుబాటే. కానీ ఇది రాసినవాడి కళ్లముందు, అతను ఒప్పుకుంటే జరిగింది. తర్వాతి దిద్దుబాట్లకు ఆ భాగ్యం లేదు.

అతను మళ్లీ యుద్ధానికి ఎందుకు వెళ్లాడు? ఇంగ్లండ్‌లోనే ఏదో శిక్షణ ఉద్యోగంలో ఉండిపోయే వీలు ఉంది. 1918 జూలైలో ససూన్ తలకు గాయమై ఇంటికి వచ్చాక, ముందు వరసలో నిజం చెప్పే కవి స్థానం ఖాళీ అయిందని ఓవెన్ భావించాడు. ఆగస్టు చివర ఫ్రాన్స్ వెళ్లాడు. అక్టోబర్‌లో తల్లికి రాసిన ఉత్తరంలో రెండు పనుల మీద వచ్చానన్నాడు. అధికారిగా తన కుర్రాళ్లను చేతనైనంత బాగా నడిపించడం ఒకటి. వాళ్ల బాధ దగ్గరుండి చూసి, రేపు వాళ్ల తరఫున వకీలులా మాట్లాడగలగడం రెండోది. ఓవెన్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తాళంచెవి నాకు కనబడలేదు. యుద్ధాన్ని అసహ్యించుకున్నాడు, యుద్ధం బాగా చేశాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం చాలామందికి ఇబ్బందిగా తోచింది.

ఆ ఇబ్బంది ఎంత దూరం వెళ్లిందో అతని మిలిటరీ క్రాస్ ప్రశంసాపత్రం చెబుతుంది. 1918 అక్టోబర్ 1న జాంకూర్ దగ్గర జరిగిన దాడికి ఈ పతకం వచ్చింది. ప్రభుత్వ గెజిట్‌లో ఉన్న పాఠం ప్రకారం, శత్రువుల నుంచి చేజిక్కిన మెషిన్‌గన్‌ను ఒంటరిగా ఉన్న ఒక చోటి నుంచి తానే పేల్చి శత్రువుకు గణనీయమైన నష్టం కలిగించాడు. 1967లో అతని తమ్ముడు హెరాల్డ్ ఓవెన్, జాన్ బెల్ కలిసి అచ్చువేసిన లేఖల సంపుటిలో ఆ వాక్యం మారింది. అక్కడ అతను మెషిన్‌గన్‌ను పట్టుకుని, కొంతమందిని ఖైదీలుగా తీసుకున్నాడు. చంపిన చేతులు ఖైదు చేసిన చేతులయ్యాయి.

హెరాల్డ్ ఒక్కడినే తప్పుపట్టలేం. ఈ మెత్తబరచడం మొదలుపెట్టింది ఓవెనే. ఆ దాడి తర్వాత తల్లికి రాసిన ఉత్తరంలో, రివాల్వర్‌తో ఒక్కడినే కాల్చానని, మిగతావాళ్లను చిరునవ్వుతో లొంగదీశానని రాశాడు. అమ్మ దగ్గర కొడుకు కాస్త దాచుకున్నాడు. తర్వాత తమ్ముడు ఇంకాస్త దాచాడు. ఉత్తరాల్లో కొన్ని చోట్ల హెరాల్డ్ సిరాతో మాటలు చెరిపేశాడు, కొన్ని ముక్కలు కత్తిరించాడు. తాను చనిపోతే ఒక సంచిలోని కాగితాలు చదవకుండా కాల్చెయ్యమని ఓవెన్ తల్లితో అన్నాడు. ఆమె కాల్చేసింది. వాటిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. అలాగని ఈ కుటుంబాన్ని నిందించి ఊరుకోవడం అన్యాయం. సుమారు 670 ఉత్తరాలు మనకు దక్కాయంటే, వాటిలో అత్యధికం సూసన్‌కు రాసినవే, ఆమె ఒక్కొక్కటీ దాచుకోబట్టే.

ఆ దాచిన వాటిలో చివరిది 1918 అక్టోబర్ 31న రాసినది. ఓర్స్ దగ్గర అటవీ కాపలాదారు ఇంటి నేలమాళిగలో కూర్చుని రాశాడు. పొగ ఎంత దట్టంగా ఉందంటే, జానెడు దూరంలో ఉన్న కొవ్వొత్తి వెలుగు కూడా సరిగా ఆనడం లేదు. జనం కిక్కిరిసి ఉన్నారు, పక్కవాళ్ల మోచేతులు తగిలి అక్షరాలు చెదిరిపోతున్నాయి. ఒక పాత సైనికుడు బంగాళదుంపలు చెక్కు తీసి కుండలో వేస్తున్నాడు. వంటవాడు కట్టెలు కొడుతున్నాడు, ఇంకొకడు తడి పుల్లలు పొయ్యిలోకి తోస్తున్నాడు. ఇక్కడ ప్రమాదం లేదని తల్లికి ధైర్యం చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత, తెల్లవారకముందే, సాంబ్ర్-వాజ్ కాలువ దాటే ప్రయత్నంలో చనిపోయాడు. ఇంజినీర్లు తూటాల మధ్య తేలే వంతెన కడుతుంటే, నీటి అంచున సైనికులకు ధైర్యం చెబుతూ, చెక్కలు అందిస్తూ ఉన్నాడు. ఆ చోట వంతెన నిలవలేదు. యుద్ధ విరమణ ఒప్పందం కుదిరిన నవంబర్ 11న, ష్రూస్‌బరీలో చర్చి గంటలు మోగుతుండగా చావు కబురు టెలిగ్రామ్‌గా ఇంటికి చేరింది. ఓవెన్ గురించి రాసిన ప్రతి ఒక్కరూ ఈ సంగతి దగ్గర ఆగుతారు. నేను మాత్రం ఆ టెలిగ్రామ్ తర్వాత ఇంటికి వచ్చిన వస్తువుల్లో ఒకదాని దగ్గర ఆగుతాను.

అది అతని పాకెట్ నోటుబుక్కు. అందులో ఒక కవితా వాక్యం రాసుకుని, కింద రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు రాసుకున్నాడు. 1920లో రవీంద్రుడు లండన్ వచ్చాడని విన్న సూసన్, ఆగస్టు 1న ఆయనకు ఉత్తరం రాసింది. చివరిసారి వీడ్కోలు చెప్పిన రోజు తల్లీకొడుకులు ఎండలో మెరుస్తున్న సముద్రం మీదుగా ఫ్రాన్స్ వైపు చూస్తూ నిలబడ్డారట. అప్పుడు కొడుకు ఆ మాటలే చెప్పాడట. ఆ మాటలున్న కవిత మొత్తం ఏ పుస్తకంలో దొరుకుతుందో చెప్పగలరా అని ఆమె అడిగింది.

ఆ పుస్తకం గీతాంజలి. ఇంగ్లీషు గీతాంజలిలో 96వ గీతం. బెంగాలీ మూలం 1910 నాటిది. చలం తెలుగు గీతాంజలి చదివిన మనవాళ్లకు ఆ గీతం తెలియనిది కాదు. వెళ్లిపోయేవాడు చూసినదానికీ పొందినదానికీ తృప్తిగా నమస్కరించే గీతం అది. సావీ అడవిలో ఛిద్రమైన శరీరం పక్కన రోజులు గడిపినవాడు ఆ తృప్తిని ఎలా తన నోటికి తెచ్చుకున్నాడు? తల్లిని ఓదార్చడానికే అని కొట్టిపారేయలేం. ఓదార్పు కోసమైతే నోటితో చెబితే చాలు, జేబులో పెట్టుకు తిరగనక్కర్లేదు. ‘ది ఎండ్’లోని ‘కాదు’ అన్న జవాబు, గీతాంజలిలోని కృతజ్ఞత రెండూ అతనివే. ఆ రెండింటినీ ఒకచోట మోయగలిగిన కుర్రవాడు అతను. సమాధి రాయికి గానీ, సవరించిన ప్రశంసాపత్రానికి గానీ అంత బరువు మోసే శక్తి లేదు.

ఇంకొక సంగతి మన వైపు నుంచే కనిపిస్తుంది. ఆ ఉత్తరం అందుకున్న రవీంద్రుడు ఏడాది కిందటే, 1919 మేలో, జలియన్‌వాలా బాగ్ కాల్పులకు నిరసనగా నైట్‌హుడ్ వదులుకున్నాడు. ఏ సామ్రాజ్యం కోసం ఓవెన్ చనిపోయాడో ఆ సామ్రాజ్యం ఇచ్చిన బిరుదు ఆయనకు బరువైపోయింది. సూసన్‌కు మాత్రం ఆయన, తన కొడుకు నోటి చివరి మాట రాసిన కవి. అంతే.

బతికుండగా ఓవెన్ కవితలు ఐదే అచ్చయ్యాయి. 1920లో ససూన్, ఈడిత్ సిట్‌వెల్ కలిసి మొదటి సంపుటి తెచ్చారు. 1931లో ఎడ్మండ్ బ్లండెన్ పెద్ద సంపుటి తెచ్చాడు. 1936లో డబ్ల్యూ. బి. యేట్స్ తన ఆక్స్‌ఫర్డ్ సంకలనంలో ఓవెన్‌కు చోటివ్వలేదు. ఊరకే బాధపడడం కవిత్వానికి వస్తువు కాదన్నాడు. యేట్స్ ఎంత పెద్ద కవి అయినా ఆ తీర్పు తప్పు. తన పనిని వకీలు పని అని చెప్పుకున్నవాడు ఊరకే బాధపడ్డవాడు కాదు. 1962లో బెంజమిన్ బ్రిటెన్ ‘వార్ రిక్వియమ్’లో ఓవెన్ కవితలను లాటిన్ ప్రార్థనల మధ్య నిలబెట్టి స్వరపరిచాడు. ప్రార్థన చెప్పే నమ్మకాన్ని పక్కనే ఉన్న కవిత ప్రశ్నిస్తూ ఉంటుంది. రాతి మీద పోయిన ప్రశ్నార్థకం సంగీతంలో తిరిగి వచ్చిందని నాకు అనిపిస్తుంది.

అదే యుద్ధంలో భారతదేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రం దాటి వెళ్లారు. ఓర్స్‌కు కొంత దూరంలోనే న్యూవ్ షాపెల్ స్మారకం మీద, సమాధి కూడా లేని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల పేర్లు ఉన్నాయి. ఫ్రాన్స్ నుంచి భారతీయ సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలను సెన్సార్ అధికారులు చదివి అనువదించుకున్న భాగాలు లండన్‌లో మిగిలాయి. మూలాలు చాలావరకు పోయాయి. మన దగ్గర తాడేపల్లిగూడెం పక్కన మాధవరం అనే ఊరు ఉంది. తరాలుగా సైన్యానికి మనుషులను పంపి ‘మిలిటరీ మాధవరం’ అని పేరు తెచ్చుకుంది. అలాంటి ఊళ్లలో, అలాంటి ఇళ్లలో ఇప్పటికీ ట్రంకుపెట్టె అడుగున ఒక ఉత్తరమో, పే బుక్కో, డైరీయో ఉండి ఉంటుంది. ఆ కాగితం మీ ఇంట్లో ఉంటే, దయచేసి అక్షరదోషాలు కూడా దిద్దకుండా, ఇబ్బందిగా తోచిన మాట కొట్టేయకుండా, నకలు తీసి దగ్గరలోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో ఇవ్వండి.