పావు మైలు పందెం: ట్రాక్‌కూ వీధికీ డెబ్బై ఏళ్ల పోరు

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో గోల్ట్రీ అనే చిన్న ఊరుంది. 1913లో అక్కడ పుట్టిన వాలీ పార్క్స్ అనే మనిషి, వీధుల్లో కార్ల పందేలు కాస్తున్న కుర్రాళ్లను ట్రాక్ మీదికి తీసుకురావడానికి జీవితమంతా ధారపోశాడు. 2007లో ఆయన కన్నుమూశాడు. ఆరేళ్లు తిరక్కముందే, 2013 జూన్‌లో, డిస్కవరీ చానల్ ‘స్ట్రీట్ అవుట్‌లాస్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అర్ధరాత్రి వీధి పందేలే దాని సరుకు. దానికి తొలి వేదిక కూడా ఓక్లహోమాయే, ఆ రాష్ట్ర రాజధాని నగరమే.

డ్రాగ్ రేసింగ్ చూడటానికి చాలా తేలికైన ఆట. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. సంకేతం పడగానే తిన్నగా 1,320 అడుగులు, అంటే పావు మైలు దూసుకుపోతాయి. ముందు చేరినవాడు గెలిచినట్టు. మలుపులు లేవు, చుట్లు లేవు. ఇంత చిన్న ఆట ఎక్కడ జరగాలి, ఎవరి అదుపులో జరగాలి అన్నదే అక్కడి అసలు తగాదా. పార్క్స్ బతికుండగా అది ట్రాక్‌కూ వీధికీ మధ్య నడిచింది. టీవీ వచ్చాక మూడో పక్షం కూడా చేరింది.

ఎండిన సరస్సుల నుంచి

ఈ మోజు కాలిఫోర్నియాలో పుట్టింది. 1930లలో అక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్లు కొని, బరువు తగ్గించి, ఇంజిన్లకు పదును పెట్టి మ్యూరాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల మీద వేగం పరీక్షించుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. సైన్యంలో యంత్రాలతో కుస్తీ పట్టిన యువకులు ఇళ్లకు తిరిగొచ్చారు. చేతిలో డబ్బూ పనితనమూ ఉన్నాయి. ఎడారిదాకా వెళ్లే ఓపిక అందరికీ లేదు. పందేలు ఊరి వీధుల్లోకి వచ్చాయి. ప్రమాదాలు పెరిగాయి, పత్రికలు మండిపడ్డాయి. ఇలా పదును పెట్టిన ‘హాట్ రాడ్’ కారు నడిపేవాడంటే రౌడీ అన్న పేరు పడిపోయింది.

అప్పటికి పార్క్స్ ‘హాట్ రాడ్’ పత్రిక సంపాదకుడు. ఈ కుర్రాళ్లను జైల్లో పెట్టి లాభం లేదనీ, వాళ్లకు ఒక చోటూ కొన్ని నిబంధనలూ ఇస్తే సరిపోతుందనీ ఆయన నమ్మాడు. 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. భద్రతకే అంకితం అన్న మాటను దాని నినాదంగా పెట్టాడు. దానికి ఒక ఏడాది ముందే శాంటా ఆనా విమానాశ్రయంలో సి.జె. హార్ట్ వారం వారం డ్రాగ్ పందేలు మొదలుపెట్టి దారి చూపించాడు. 1953లో పార్క్స్ సంఘం గుర్తింపుతో తొలి పోటీ పొమోనాలో, జాతర మైదానం కార్ల పార్కింగ్ స్థలంలో జరిగింది.

ఆ పోటీలకు అండగా నిలబడినవారిలో పోలీసులు ఉండటం ఈ చరిత్రలో గుర్తుంచుకోవలసిన విషయం. 1954లో సంఘం నలుగురు మనుషులను ఒక స్టేషన్ వ్యాగన్, దాని వెనక ఒక ట్రైలర్ ఇచ్చి దేశం మీదికి పంపింది. ఊరూరా తిరిగి, అక్కడి కుర్రాళ్లతో, అధికారులతో మాట్లాడి, కార్లను ఎలా తనిఖీ చేయాలో, సమయం ఎలా కొలవాలో, ప్రేక్షకులను ఎంత దూరంలో నిలబెట్టాలో చేసి చూపించడం వాళ్ల పని. ఆ బృందానికి నాయకత్వం వహించిన బడ్ కూన్స్ పొమోనా పోలీసు శాఖలో సార్జెంట్‌గా పనిచేసినవాడు.

1955లో లాస్ ఏంజిలిస్ ఓడరేవు పక్కన విల్మింగ్టన్‌లో లయన్స్ డ్రాగ్ స్ట్రిప్ అనే పందేల ట్రాక్ తెరుచుకుంది. పేరుకు తగ్గట్టే దాన్ని నిలబెట్టింది స్థానిక లయన్స్ క్లబ్బులు. మన ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టే క్లబ్బుల సంస్థే అది. పిల్లలు వీధిలో చచ్చిపోకుండా చూడటం కూడా సమాజసేవే అని వాళ్లు అనుకున్నారు.

ప్రమాదం నేర్పిన పాఠం

ట్రాక్ మీద ప్రమాదాలు జరగవని కాదు. ట్రాక్‌కూ వీధికీ తేడా తెలిసేది ప్రమాదం జరిగిన తర్వాతే.

1970 మార్చిలో అదే లయన్స్ స్ట్రిప్ మీద డాన్ గార్లిట్స్ అనే రేసరు పందేనికి సిద్ధంగా ఉన్నాడు. అప్పటి డ్రాగ్‌స్టర్ కార్లలో ఇంజిను ముందు ఉండేది. డ్రైవరు దాని వెనక, గేరుబాక్సుకు అటూ ఇటూ కాళ్లు పెట్టి కూర్చునేవాడు. పచ్చ దీపం వెలగగానే గేరుబాక్సు పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది. గార్లిట్స్ కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రి మంచం మీదే ఆయన ఆలోచన మొదలుపెట్టాడు: పేలే వస్తువు డ్రైవరు ముందు ఎందుకు ఉండాలి? ఇంజినును వెనక్కి నెట్టి కొత్త కారు కట్టాడు. 1971లో పొమోనాలో దానితోనే గెలిచాడు. కొద్ది ఏళ్లలో ఆ తరగతి కార్లన్నీ అదే నమూనాకు మారిపోయాయి. ఆ ఒక్క మార్పు ఎందరి కాళ్లను, ఎందరి ప్రాణాలను కాపాడిందో లెక్క కట్టలేం.

2008 జూన్ 21న న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో స్కాట్ కలిట్టా అనే రేసరు కారు ఇంజిను పేలింది. వేగం తగ్గించవలసిన పారాచూట్లు పనిచేయలేదు. ట్రాక్ చివర దాటిపోయి ఆయన మరణించాడు. కొద్ది రోజుల్లోనే సంఘం అత్యంత వేగమైన రెండు తరగతులకు పందెం దూరాన్ని 1,320 నుంచి 1,000 అడుగులకు కుదించింది. యాభై ఏళ్లకు పైగా ఆ ఆటకు ప్రాణంలా ఉన్న పావు మైలును ఒక్క మనిషి మరణం కోసం వదులుకుంది. వీధిలో కుర్రాడు చనిపోతే పోలీసు స్టేషన్‌లో ఒక కేసు మిగులుతుంది. మరుసటి వారం అదే రోడ్డు మీద అదే పందెం, అదే పద్ధతిలో జరుగుతుంది.

మొదలుపెట్టే తీరులోనూ ఈ తేడా కనిపిస్తుంది. ట్రాక్ మీద ముందు చక్రాలు కాంతి కిరణాన్ని అడ్డుకుంటేనే కారు గీత మీదికి వచ్చినట్టు లెక్క. రెండు వరసల మధ్య నిలబెట్టిన దీపస్తంభంలో పసుపు దీపాలు వెలిగి, తర్వాత పచ్చ దీపం వస్తుంది. అగ్రశ్రేణి పోటీల్లో ఆ రెంటి మధ్య వ్యవధి 0.4 సెకన్లు. తొందరపడి కదిలితే ఎర్రదీపం వెలుగుతుంది, పందెం పోయినట్టే. ఇక వాదనకు తావు లేదు. వీధి పందెంలో మధ్యలో నిలబడిన మనిషి టార్చిలైటు వెలిగిస్తాడు. ఆ తర్వాత ఎవరు ముందు కదిలారన్న గొడవ మొదలవుతుంది. టీవీకి కావలసింది ఆ గొడవే.

వీధి నుంచి వచ్చిన మధ్యవర్తి

ట్రాక్ పక్షం, వీధి పక్షం ఎప్పుడూ కత్తులు దూసుకున్నాయనుకుంటే పొరపాటు. లాస్ ఏంజిలిస్‌లో బిగ్ విల్లీ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడు ఈ రెండిటినీ కలపడానికి పూనుకున్నాడు. ఆరున్నర అడుగుల మనిషి, వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు. 1965లో వాట్స్ ప్రాంతం అల్లర్లతో తగలబడిన తర్వాత నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికన్ మూలాలవాళ్లు ఒకే చోట చేరేలా వీధి రేసర్ల సోదర సంఘాన్ని కట్టాడు. పోలీసులు కూడా ఆయనకు సహకరించారు. 1974లో టెర్మినల్ ఐలండ్ మీద ఆ సంఘం డ్రాగ్ స్ట్రిప్ తెరిచింది. కార్ల ముందు రంగు తేడాలు నిలవవని ఆయన నమ్మకం. ఆ స్ట్రిప్ పలుసార్లు మూతపడి, తెరుచుకుని, 1995లో శాశ్వతంగా మూతపడింది. 2012లో చనిపోయేదాకా దాన్ని మళ్లీ తెరిపించాలనే ఆయన తాపత్రయపడ్డాడు.

ట్రాక్‌లు మూతపడటం ఈ కథలో అసలు విషాదం. లయన్స్ స్ట్రిప్ చుట్టుపక్కలవారి శబ్దపు ఫిర్యాదులతో 1972లో మూతపడింది. ఇంగ్లిష్‌టౌన్‌లో డ్రాగ్ పందేలు 2018లో ఆగిపోయాయి. అట్లాంటా దగ్గరి స్ట్రిప్ 2021లో, డెన్వర్ పక్కనున్న బాండిమేర్ 2023లో మూతపడ్డాయి. ఊళ్లు విస్తరించాయి, భూమి ధర పెరిగింది. ట్రాక్ పోయినంత మాత్రాన కుర్రాడి మోజు పోదు. అది వీధిలోకి వస్తుంది.

కెమెరా వచ్చాక

2001లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా వచ్చి వీధి పందేనికి ప్రపంచమంతా అభిమానులను తెచ్చింది. అయితే అది కల్పిత కథ అని అందరికీ తెలుసు. ‘స్ట్రీట్ అవుట్‌లాస్’ నిజమైన మనుషులను, నిజమైన కార్లను చూపించింది. పదిమంది అత్యంత వేగవంతుల జాబితా, పైవాడిని ఓడిస్తేనే పైకి ఎక్కే పద్ధతి, పోలీసులు వస్తారేమోనన్న ఉత్కంఠ, రైతు బండిలా కనిపించే పాత షెవర్లే పికప్ కొత్త కార్లను మట్టికరిపించడం: ఇవన్నీ ప్రేక్షకులను కట్టిపడేశాయి. చిత్రీకరణకు రోడ్లను ముందే మూసివేస్తారన్న సంగతి మాత్రం తెర మీద ఎక్కడా కనిపించదు. కనిపించేదల్లా చట్టాన్ని లెక్కచేయని తెగువ.

పార్క్స్ స్థాపించిన సంఘానికి కోపం రావడం సహజం. వీధి పందేల కార్యక్రమాల్లో పాల్గొంటే లైసెన్సుకే ముప్పని తన డ్రైవర్లను హెచ్చరించింది. రేసర్లు ఎదురు తిరిగారు. మీ ట్రాక్ మీద గెలవాలంటే కోట్లు కావాలి, మా దగ్గర పనితనం ఉంటే చాలు అన్నది వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. 11,000 హార్స్‌పవర్ కార్లు నడిపే జట్లతో సొంత షెడ్డులో పనిచేసుకునే మెకానిక్ ఎలా పోటీపడతాడు? 2018లో ఆ టీవీ కార్యక్రమమే డ్రాగ్ స్ట్రిప్‌ల మీద పోటీలు మొదలుపెట్టింది. పట్టు కోసం ట్రాక్ మీద జిగురు చల్లకుండా, వీధిలా వదిలేసి నడిపించింది. జనం స్ట్రిప్‌లకు తరలివచ్చారు. వీధి రుచి కావాలనుకున్నవాళ్లకు ట్రాక్ మీదే దాన్ని అందించవచ్చని అది రుజువు చేసింది.

కానీ రోడ్డు మీద చిత్రీకరణ ఆగలేదు. 2022 ఆగస్టులో లాస్ వెగాస్ సమీపంలో ఇదే కుటుంబానికి చెందిన ఒక కార్యక్రమం చిత్రీకరణలో ఒక రేసరు కారు పల్టీ కొట్టి మంటల్లో చిక్కుకుని మరణించాడు. మూసిన రోడ్డు, వెంట ఉన్న సిబ్బంది ఆ ప్రాణాన్ని కాపాడలేకపోయాయి. ఆ కార్యక్రమం చూసి, మూయని రోడ్డు మీద, ఏ సిబ్బందీ లేకుండా పందెం కాసే పదిహేడేళ్ల పిల్లవాడి సంగతేమిటి? టీవీ వాళ్లు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇదే.

మన మాటేమిటి?

హైదరాబాద్‌లో వారాంతపు రాత్రుల్లో ఐటీ కారిడార్ రోడ్ల మీద బైకు పందేలు, పోలీసుల దాడులు, జప్తయిన బండ్ల ఫొటోలు మనకు కొత్త కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ఇది నేరం. 2019 సవరణ తర్వాత తొలిసారి పట్టుబడితే మూడు నెలల దాకా జైలు, ఐదువేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఆ సెక్షన్‌ను జాగ్రత్తగా చదివితే మరో సంగతి కనిపిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం లిఖితపూర్వక అనుమతి లేకుండా పందేలు నడపడమే నేరమని అది చెబుతోంది. అంటే అనుమతి ఇచ్చే తలుపును చట్టమే తెరిచి ఉంచింది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీకి రోడ్లు మూసిన మనం, నెలకు ఒక ఆదివారం, జనావాసాలకు దూరంగా ఒక తిన్నటి రోడ్డును కంచెలు, అంబులెన్సు, వాహన తనిఖీలతో మన కుర్రాళ్లకు ఇవ్వలేమా? పోలీసులు, లయన్స్ క్లబ్బులు, రవాణా శాఖ, గుర్తింపున్న మోటార్ స్పోర్ట్స్ సంస్థలు కలిసి కూర్చుంటే ఇది అసాధ్యం కాదు. అమెరికాలో 1955లోనే చేసి చూపించారు. వీధి పందేలను పట్టుకోవడం పోలీసుల పని. వాటికి బదులుగా ఒక చోటు చూపించడం ప్రభుత్వాల బాధ్యత. మొదటిది చేస్తూ రెండోది మరిచిపోతే, బండ్లు జప్తు చేసిన ఫొటోలు ప్రతి సోమవారం పత్రికల్లో వస్తూనే ఉంటాయి.